సూరత్‌లో తొలి వేషం

వరంగల్లు స్టేషనులో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఇంచుమించు ఒక రోజు ప్రయాణం తరువాత సూరత్ చేరుకొంటాము. బల్హార్షా, వార్ధా, భుసావళ్ దాటి, తపతీ లోయ వెంట సాగి, 1928 నాటి సత్యాగ్రహంతో చరిత్రకెక్కిన బార్డోలీ మీదుగా ఆ బండి ఈ మహానగరాన్ని సమీపిస్తుంది. దారి పొడవునా స్టేషన్ల పేరు పలకల మీద లిపులు మారుతూ ఉంటాయి. పెట్టెలో మాత్రం చివరిదాకా తెలుగు వినబడుతూనే ఉంటుంది. చెక్క సంచులలో సకినాలు, పచ్చడి జాడీలు, కొత్తగా పెండ్లయిన జంటలు, సెలవు ముగించుకొని మగ్గాల వద్దకు తిరిగి వెళ్ళే కార్మికులు. మా అక్కకు కారప్పొడి డబ్బా చేరవేయడానికి వెళుతున్న నేనూ వారిలో ఒకడిని.

సూరత్ పేరు వినగానే మనకు గుర్తుకు వచ్చేది చరిత్ర పుస్తకంలోని ఒక పేజీ. 1608లో కెప్టెన్ హాకిన్స్ నౌక ఇచ్చటి రేవుకు వచ్చింది. కొద్ది సంవత్సరాలలోనే ఆంగ్ల వర్తకులు ఇచ్చట గిడ్డంగి నెలకొల్పారు. అదే కాలంలో, 1611లో, మన మచిలీపట్నంలోనూ వారి గిడ్డంగి వెలసింది. ఆ విధంగా పడమటి తీరాన సూరత్, తూర్పు తీరాన బందరు అక్కచెల్లెళ్ళ వంటివి. శివాజీ 1664లోను, 1670లోను ఈ నగరాన్ని కొల్లగొట్టాడంటే ఆనాటి దీని సంపద ఎంతటిదో ఊహించుకోవచ్చు. నది పూడి, వ్యాపారం బొంబాయికి తరలిపోయి, రేవు వెలవెలబోయినా నగరం మాత్రం చావలేదు. జరీ, పట్టు, ఆ తరువాత కృత్రిమ పట్టు, వజ్రాల సానపట్టుడు దానికి మరల ప్రాణం పోశాయి. 1994లో ప్లేగు భయంతో లక్షల మంది ఊరు విడిచి వెళ్ళారు. 1995లో నగర కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్.రావు హయాంలో వీధులు ఎంతగా శుభ్రపడ్డాయంటే, దేశంలోని ఇతర నగరాలు చూసి నేర్చుకొన్నాయి. 2011 జనాభా లెక్కల నాటికి నగర జనసంఖ్య 44 లక్షలు దాటింది.

ఆ జనసంఖ్యలో మన వారి భాగం తక్కువేమీ కాదు. వరంగల్లు, కరీంనగర్, నల్లగొండ జిల్లాల నుండి చేనేత పడిపోయిన కాలంలో బయలుదేరిన పద్మశాలీ కుటుంబాలు కొన్ని షోలాపురంలో, కొన్ని భివండిలో, కొన్ని సూరత్‌లో దిగాయి. నగరంలోని లింబాయత్ ప్రాంతంలో నడుస్తూ ఉంటే ఒక సందులో ఒడియా, మరొక సందులో మరాఠీ, ఆ పక్క సందులో అచ్చమైన ఓరుగల్లు తెలుగు వినబడుతుంది. నగర పాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా బడులతో పాటు తెలుగు బడులను సైతం నడుపుతున్నది. దసరా ముందు వీధులలో బతుకమ్మలు పేరుస్తారు. ఒక చెంప గుజరాతీల గర్బా, మరొక చెంప మన బతుకమ్మ. రెండింటిలోనూ స్త్రీలు వలయంగానే తిరుగుతారు.

మా బావ నలభై ఏండ్ల క్రితం ఇచ్చటికి వచ్చాడు. ఆయన లెక్కలో సూరత్ అంటే కోట కాదు, రేవు కాదు. పన్నెండు గంటల పాళీ, ఒక్క మనిషి చూసుకొనే మరమగ్గాలు, వాటి మోత. “సాంచెల నడుమ మాట్లాడుకునుడు ఉండదు, పెదవులు చూసి తెలుసుకునుడే,” అంటాడు. ఇప్పుడు ఆయనకు చెవులు సరిగా వినబడవు. ఇంట్లో కూడా ఎదుటివారి పెదవులనే చూస్తాడు.

నేను వెళ్ళిన మరునాడు ఆదివారం. మా మేనల్లుని మిత్రులు ముగ్గురు, నలుగురు ఇంటికి వచ్చారు. అందరూ ముప్పది దాటినవారు, బిడ్డల తండ్రులు, తల్లులు. మేనల్లుడు కంప్యూటరు మీద చీరల ఎంబ్రాయిడరీ నమూనాలు గీస్తాడు. ఒకామె బడిపంతులమ్మ. ఒకతను మగ్గాల కార్ఖానాలో మేస్త్రీ. జీతాలు, ఇంటి అద్దెలు, పిల్లల ఫీజులు మాట్లాడుకొంటారని అనుకొన్నాను. వారు మాట్లాడుకొన్నది వేరు.

“నా మొదటివాడు కోళ్ళను కొట్టి ఈకలు ఏరుకునేటోడు,” అన్నాడు మేస్త్రీ.

“నా మొదటివాడు దారి తప్పి ఏడ్చిండు,” అన్నది పంతులమ్మ.

‘మొదటివాడు’ ఎవరో నాకు అర్థం కాలేదు. మేనల్లుడు నవ్వి విడమరచి చెప్పాడు. అది ఒక ఆట. ఆ ఆటలో మనిషి తానుగా ఆడడు. ఒక పాత్రను సృష్టించుకొని, ఆ పాత్రగా ఆడతాడు.

పాఠకులలో నావంటి వారు ఉంటారు గనుక ఈ ఆటల పుట్టుక కొంత చెప్పడం అవసరం. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు ‘డన్‌జన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆటను వెలువరించారు. బల్ల చుట్టూ కూర్చొన్నవారు ఒకరు వీరుడుగా, ఒకరు మాంత్రికుడుగా మారి, పాచికలు వేస్తూ కథ నడుపుతారు. 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయ విద్యార్థులు రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ అటువంటి లోకాన్ని కంప్యూటరులోకి ఎక్కించారు. అందులో బొమ్మలు లేవు, అన్నీ అక్షరాలే. అయినా ఒకే సమయంలో అనేకులు ఆ లోకంలో తిరుగవచ్చును. 1997లో ‘అల్టిమా ఆన్‌లైన్’, 1999లో ‘ఎవర్‌క్వెస్ట్’ బొమ్మలతో కూడిన మహాలోకాలను నిర్మించాయి. 2001 జనవరిలో కేంబ్రిడ్జికి చెందిన ఆండ్రూ గోవర్ తన సోదరునితో కలిసి ‘రూన్‌స్కేప్’ అనే ఆటను ప్రారంభించాడు. దీనికి పెట్టె కొననక్కర లేదు, రుసుము కట్టనక్కర లేదు, ఖరీదైన యంత్రమూ అక్కర లేదు. ఆ రోజులలో ఇంటర్నెట్ పేజీ తెరిచే ఏ కంప్యూటరులోనైనా నడిచేది. లింబాయత్ సందులోని సైబర్ కేఫ్ పిల్లలకు ఆ గుణమే వరమయింది.

ఆ కేఫ్ ఇప్పుడు లేదు. ఆ గదిలో సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. మేనల్లుడు నన్ను తీసుకొని వెళ్ళి చూపించాడు. ఎనిమిది అడుగుల గది. అందులో ఆరు కంప్యూటర్లు, ఒక్కొక్క దాని ముందు ముగ్గురు పిల్లలు. ఒకడు డబ్బు కట్టి ఆడితే ఇద్దరు వెనుక నిలబడి సలహాలు ఇచ్చేవారట. వెలుపల మగ్గాల మోత గోడల గుండా వచ్చేదట. “ఆ మోత లేకుండా ఆ ఆట నాకు గుర్తుకే రాదు మామా,” అన్నాడు.

2005లో, పదమూడేండ్ల వయసులో, అతడు తన తొలి పాత్రకు పేరు పెట్టవలసి వచ్చింది. ఆ ఆటలో పేరు పన్నెండు ఇంగ్లీషు అక్షరాలకు మించరాదు. మన వారి ఇంటిపేర్లు, పేర్లు కలిపితే పన్నెండులో ఇమిడేవి ఎన్ని? అతని పేరు ఇమడలేదు. అప్పుడు మార్కండేయుని గుడిలో విన్న కథ జ్ఞాపకం వచ్చింది. మార్కండేయుని యజ్ఞంలో పుట్టి, తామర తూళ్ళ దారంతో దేవతలకు తొలి వస్త్రం నేసిన భావనఋషి కథ అది. పద్మశాలీలకు ఆయన మూలపురుషుడు. వేళ్ళు లెక్కపెట్టి ‘భావనరిషి’ అని ఇంగ్లీషులో వ్రాసి చూస్తే సరిగ్గా పన్నెండు అక్షరాలు! ఒక్క అక్షరం ఎక్కువ కాదు, ఒక్కటి తక్కువ కాదు. “దేవుడే కొలిచి పెట్టినట్టు అనిపించింది,” అన్నాడు.

ఇక ఆ భావనఋషి లంబ్రిడ్జ్ అనే కోట ఊరిలో కన్ను తెరిచాడు. ఆ ఆటలో కొత్తవారందరూ మొదట ఒక దీవిలో కట్టెలు కొట్టడం, నిప్పు రాజేయడం, చేపలు పట్టడం నేర్చుకొని ఈ ఊరికి వస్తారు. చేతిలో ఒక కంచు కత్తి, ఒక చెక్క డాలు. ఎదుట కోళ్ళు, ఆవులు, మరుగుజ్జు రాక్షసులు. సమీపంలోని ఒక రైతు పని అప్పగిస్తాడు: గొర్రెల ఉన్ని కత్తిరించి, కోటలోని రాట్నం మీద వడికి, ఇరవై ఉండలు తెచ్చి ఇవ్వాలి.

“ఇరవై ఉండలు!” అని మేనల్లుడు నవ్వాడు. “ఇంట్ల అమ్మ కండెలు చుట్టుడు, నాయిన సాంచెల మీద, బడి నుంచి వస్తే నేను పోగులు అతుకుడు. వీటి నుంచి తప్పించుకుందామని పైసలిచ్చి ఆ లోకంలకు పోతే, అక్కడ కూడా రాట్నం తిప్పమన్నరు!”

అయినా తిప్పాడు. ఆ ఇరవై ఉండలు అప్పజెప్పినప్పుడు ఆ రైతు ఇచ్చిన నాణేలు తన జీవితంలోని తొలి సంపాదన అంటాడు. ఇంట్లో అతికిన పోగులకు కూలి ఎవరూ ఇవ్వలేదు గదా.

పంతులమ్మ కథ వేరు. ఆమె తన అన్న వెంట ఆ కేఫ్‌కు వెళ్ళేది. అక్కడ ఆడపిల్ల ఆమె ఒక్కతే. కనుక తన తొలి పాత్రను పురుషునిగా చేసింది. నల్లని గడ్డం కూడా పెట్టింది. “గడ్డం ఉన్నందుకు ఎవరూ నన్ను ఆటలో ‘ఎవరు నువ్వు, ఎక్కడుంటవు’ అని అడుగలేదు. ఏ అడవికైనా ఒక్కదాన్నే పోయిన. చీకటి పడ్డది, ఇంటికి రా అని పిలిచేవారు లేరు,” అని చెప్పింది. ఆమె పాత్ర ఒకసారి గోడ దాటి చాలా దూరం వెళ్ళి, దారి తప్పి, ఏదో మృగం చేతిలో చచ్చిపోయింది. ఆ రోజులలో ఆ ఆటలో చస్తే ఒంటిపై ఉన్న వస్తువులలో విలువైనవి మూడు మాత్రమే మిగిలేవి, తక్కినవి పోయేవి. మరల లంబ్రిడ్జ్‌లోనే కన్ను తెరవాలి. మూడు వస్తువులతో తిరిగి బయలుదేరడం ఆమె అక్కడ నేర్చుకొన్నదట.

ఇంతవరకు మా పెదవులనే చూస్తూ కూర్చొన్న బావ ఇక్కడ అందుకొన్నాడు. “ఆడిది మొగ వేషం వేస్తే వింతేముంది? మా ఊర్ల సీతమ్మ వేషం మొగోడే కట్టేటోడు!”

అలా చిరుతల రామాయణం ప్రసక్తి వచ్చింది. తెలంగాణ పల్లెలలో వేసవి రాత్రులలో, పంట పనులు ముగిసిన తరువాత, ఊరి వారే వేషాలు కట్టి, చేత చిరుతలు పట్టి, వలయంగా తిరుగుతూ పాడి ఆడే ప్రదర్శన అది. నటులు వేరే ఊరి నుండి రారు. మగ్గం నేసేవాడు, మంగలి, కుమ్మరి, రైతు అందరూ గురువు వద్ద నెలల తరబడి నేర్చుకొని ఆడతారు. మా బావ తొలి వేషం రాముడు కాదు, లక్ష్మణుడు కాదు. వానర సేనలో చివరి కోతి. మాట ఒక్కటి లేదు. వాళ్ళ అమ్మ పాత చీర అంచు చుట్టి, లోపల పత్తి కుక్కి, తోక కుట్టి ఇచ్చింది. “రామునికి కిరీటం ఉన్నది గని, నా తోక అసొంటిది ఎవనికీ లేదు,” అని ఆయన చెబుతూ ఉంటే ఆ గదిలో ఆయనకు డెబ్బది ఏండ్లున్నాయని నాకు అనిపించలేదు.

మేస్త్రీ అంతవరకు తన మాట చెప్పలేదు. మేనల్లుడు కొంచెం సంకోచించి, “వీని కథ నేను చెప్పనా, నువ్వే చెప్తవా?” అన్నాడు. అతడే చెప్పాడు.

అతని తొలి పాత్ర పేరు ‘పరకాల’. తండ్రి పుట్టిన ఊరు అది. తాను ఆ ఊరిని రెండుసార్లే చూశాడు. ఎప్పుడూ పరకాల, పరకాల అని ఇంట్లో వినడమే. ఆ పాత్రను చేసుకొని ఆరు నెలలు ఆడాడు. పెద్ద వీరుడేమీ కాలేదు. కోళ్ళను కొట్టి ఈకలు ఏరుకొని, ఆ ఈకలు అమ్ముకొని, లంబ్రిడ్జ్ వంతెన దగ్గర నిలబడి వచ్చేపోయేవారిని చూసేవాడు.

2006 ఆగస్టులో తపతి పొంగింది. ఎగువన ఉన్న ఉకాయ్ జలాశయం నిండి, భారీగా నీరు విడువవలసి వచ్చింది. సూరత్‌లో అధికభాగం మునిగింది. రోజుల తరబడి ఇండ్ల మీది అంతస్తులలో జనం తిండికి, త్రాగునీటికి అల్లాడారు. ఇతని తండ్రి పని చేసే షెడ్డు నదికి దగ్గర. నీరు తీసిన తరువాత చూస్తే మగ్గాల మోటార్లలో ఒండ్రు, బీముల మీది నూలంతా బురద. ఆ షెడ్డు తిరిగి నడవడానికి నెలలు పట్టింది. ఆ నెలలలో కూలి లేదు. పద్నాలుగేండ్ల ఈ పిల్లవాడు బడి మానివేసి మరొక కార్ఖానాలో రాత్రి పాళీ సహాయకుడుగా చేరాడు.

చేరే ముందు రోజు సాయంత్రం అతడు మిత్రులను పిలిచి ఒక కాగితపు ముక్క ఇచ్చాడు. దాని మీద తన పాత్ర పేరు, సంకేతపదం. “వాణ్ని చూసుకోండి” అన్నాడట. అంతే.

ఒకరి పాత్రను మరొకరు ఆడడం ఆ ఆట నియమాలకు విరుద్ధం. ఆ పిల్లలకు ఆ సంగతి తెలుసు. అయినా, మిత్రుడు అప్పగించిన వాణ్ని ఆకలితో వదలివేయడం ఎలా? వారానికి ఒక గంట పంచుకొన్నారు. ఒకడు కట్టెలు కొట్టించాడు, ఒకడు చేపలు పట్టించాడు. మా మేనల్లుడు తన పాత్రను ప్రక్కన పెట్టి, తన పైసలతో, ‘పరకాల’ చేత ఇనుము కరిగించాడు. మూడు సంవత్సరాలు ఇలా సాగింది. కంచు కత్తి పోయి ఉక్కు కత్తి, ఆపై ఇంకా మేలైన కత్తి వచ్చింది. కవచం వచ్చింది. ‘పరకాల’ మహావీరుడయ్యాడు.

2009లో అతనికి పగటి పాళీ దొరికింది. ఒక ఆదివారం మిత్రులందరూ కలిసి అతణ్ని కేఫ్‌కు తీసుకొని వెళ్ళారు. కుర్చీలో కూర్చోబెట్టి, తెర తెరిచి, “చూడు, నీవాడు!” అన్నారు.

అతడు చాలాసేపు చూశాడు. తరువాత, “నా ఈకలు ఏవి?” అని అడిగాడు.

ఈకలు ఎప్పుడో అమ్మివేశారు. వాటి విలువ ఎంతని! వాటితోనే గదా తొలి ఇనుము కొన్నది. అదే మాట మేనల్లుడు చెప్పాడు. అతడు తల ఊపి, “మంచిగనే చేసిన్రు. వీడు మంచోడే. గని వీడు నావాడు కాదు,” అని లేచాడు. మరల ఆ పాత్రను తాకలేదు.

“ఆ రోజు మాకు చాలా కోపం వచ్చింది మామా,” అన్నాడు మేనల్లుడు. “మూడేండ్లు మా గంటలు వానికి పోసినం. ఒక్క మంచి మాట లేదు. నెల దినాలు మాట్లాడుకోలేదు.”

“మీరు ఇచ్చింది నాకు తెలువదా?” అన్నాడు మేస్త్రీ. “గని నేను ఏడ ఆపిన్నో ఆడికి వద్దామనుకున్న. మూడేండ్లు రాత్రిపూట సాంచెల నడుమ నిలబడి, అది తలుచుకునేది. వంతెన దగ్గర వాడు నిలబడి ఉన్నడు, సంచిల ఈకలున్నయి, నేను పోతే మళ్ళ మొదలుపెడుతడు అని. వాడు నా కోసం ఆగి ఉన్నడనుకున్న. మీరు వాణ్ని పెద్ద చేసిన్రు. నేను లేకుండనే పెద్దగయిండు.”

గదిలో ఎవరూ మాట్లాడలేదు. బావ అతని పెదవులు చూసి అంతా గ్రహించాడు. కొంతసేపటికి తానూ ఒక సంగతి చెప్పాడు. సూరత్ వచ్చిన పదేండ్లకు వేసవిలో ఊరికి వెళితే చిరుతల రామాయణం ఆడుతున్నారట. చివరి కోతి వేషం ఎవరో చిన్న పిల్లవాడు కట్టాడు. వెనుక ఊగుతున్న తోకను చూడగానే బావకు గుండె ఆగినంత పని అయింది. అది వాళ్ళ అమ్మ కుట్టిన తోకే. అప్పటికి ఆమె పోయి మూడేండ్లు. అంచు చిరిగిన చోట ఎవరో వేరే గుడ్డతో మాసిక వేశారు.

“నీకు కోపం రాలేదా మామా?” అని మేస్త్రీ అడిగాడు. నేస్తుని తండ్రిని అతడు అలాగే పిలుస్తాడు.

“మాసిక చూసి మొదలు వచ్చింది,” అన్నాడు బావ. “తర్వాత ఆ పోరడు దుంకుతుంటే చూసిన. మంచిగ దుంకిండు. తోక గుంజి చూసుకుంట నవ్వుతున్నడు. గదే నవ్వు. ఇగ ఏమంటం?”

మేస్త్రీ ఔననలేదు, కాదనలేదు. రెండు సంగతులూ ఒకటి కావని నాకూ అనిపించింది. ఒక వేషాన్ని మరొకరికి ఇచ్చి ఊరు విడిచిన వానికీ, బడి విడిచి తన వేషాన్ని తన కోసమే దాచిపెట్టమన్న పిల్లవానికీ భేదం ఉన్నది. ఆ భేదాన్ని బావ ఎరుగకపోలేదు. ఎదుటివాడు ఒంటరిగా కూర్చోకుండా, తన కోతిని తెచ్చి అతని ప్రక్కన కూర్చోబెట్టాడు, అంతే.

‘పరకాల’ సంకేతపదం వ్రాసిన కాగితం ఏనాడో పోయింది. కేఫ్ మూతపడింది. ఆ ఆట మాత్రం జీవించి ఉన్నది. పాత రోజుల రూపమే కావాలని ఆటగాండ్లు కోరగా, 2007 నాటి రూపాన్ని 2013లో మరల తెరిచారు. అందులో అందరూ మొదటి నుండి ప్రారంభించవలసినదే. 2018లో అది సెల్‌ఫోనులోకి కూడా వచ్చింది.

సాయంత్రం నేను బయలుదేరే ముందు మేస్త్రీ ఇంట్లో టీ త్రాగాము. అతని కూతురికి తొమ్మిదేండ్లు. గుజరాతీ బడిలో చదువుతున్నది. పగలంతా ఆ మాటలు విన్నందుకో ఏమో, అతడు తన ఫోను తీసి ఆ పాత రూపపు ఆటను తెరిచాడు. పేరు పెట్టుమని తెర అడిగింది. అతడు కొంతసేపు అక్షరాల మీద వేలు ఆడించి, చివరికి కూతురి వైపు చూసి, “ఏం పేరు పెట్టాలె బిడ్డా? మన ఊరి పేరు పెడుదామా?” అన్నాడు.

ఆ పిల్ల తండ్రి ఒడిలోకి జరిగి, వ్రేళ్ళు ముడుస్తూ గుజరాతీలో లెక్కపెట్టింది. ఏక్, బే, త్రణ్, చార్... ఎనిమిదవ వ్రేలి వద్ద ఆగి తెలుగులో అన్నది:

“లింబాయత్. ఎనిమిదే అయినయి నాయినా. ఇంకా నాలుగు మిగిలినయి.”

అతడు ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూశాడు. తరువాత ఆమె చెప్పిన పేరునే, ఒక్కొక్క అక్షరంగా నొక్కాడు.